పెద్దక్క దగ్గర ఎవరుంటారు?

గ్యాస్ సిలిండరుకు రెగ్యులేటరు విప్పి బీరువాలో పెట్టాలి. స్నానాల గదికి బయటినుంచి గొళ్ళెం వేయాలి, లేకపోతే పెద్దక్క లోపలికి పోయి పట్టి పెట్టిన నీళ్ళన్నీ గచ్చు మీద కుమ్మరిస్తుంది, కుళాయి మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అద్దం మీద పాత లుంగీ కప్పాలి, అందులో ఎవరో ముసలామె తనను చూసి నోరు మెదుపుతోందని భయపడుతుంది. ఉప్పు డబ్బా అటక మీదికి ఎక్కించాలి. తడిసిన పక్కగుడ్డలు పెద్దక్క కొడుకు శశికుమార్ లేవకముందే ఉతికి వెనక తీగ మీద ఆరేయాలి, ముందు ఆరేస్తే వీధిలో అందరికీ కనబడతాయని అతని బాధ. మాత్ర పొడి చేసి బెల్లంలో కలపాలి. రాగి ముద్ద చల్లార్చి, పప్పులో ముంచి, చిన్న చిన్న ఉండలు చేసి పెట్టాలి. చీపురు దాచాలి. చెప్పులు దాచాలి. చెప్పులు కంటబడితే చాలు, పెద్దక్క కూలికి బయలుదేరుతుంది.

ఇవన్నీ తెల్లవారేలోపల అయిపోవాలి. బతుకంతా చేన్లకు పోయిన ఒళ్ళు పెద్దక్కది. మనసు ఎక్కడికి పోయినా ఒళ్ళు మాత్రం కూలీలను పిలిచే మేస్త్రమ్మ కేక వేసే వేళకు లేచి కూర్చుంటుంది.

"మే, లెయ్. పొద్దెక్కుతాంది. కాయలు కోసేదానికి పోవల్ల."

"పోదాంలే అత్తా. ముద్ద తిని పోదాం."

"నువ్వెవురి బిడ్డవే? కొత్తగా వచ్చినావా కూలికి?"

"నీ కోడల్ని అత్తా. కృపాకుమారిని."

"నాకు కోడలుండాదా!" పెద్దక్క కళ్ళు పెద్దవి చేస్తుంది. తర్వాత గొంతు తగ్గించి అడుగుతుంది. "మంచిదేనా?"

ఈ ప్రశ్నకు కృపాకుమారి ఒక్కోరోజు ఒక్కో జవాబు చెబుతుంది. కాస్త నిద్ర పట్టిన రోజున "బంగారు తల్లి" అంటుంది. నడుము పట్టేసిన రోజున "గయ్యాళిది, జాగ్రత్తగుండు" అంటుంది. పెద్దక్క రెండింటికీ ఒకే నవ్వు నవ్వుతుంది. ఆ నవ్వులో పళ్ళు లేవు, పగా లేదు. ఒకప్పుడు ఉండేది. కొత్త కోడలుగా వచ్చినప్పుడు కృపాకుమారి ఎంత తినిందో కంచం కేసి చూసేది పెద్దక్క. "మా యమ్మ నిన్ను కూతురి మాదిరి చూసింది, ఇప్పుడు నీ వంతు" అని ఆడబిడ్డ ఎస్తేరమ్మ ఫోన్లో అన్నప్పుడల్లా కృపాకుమారికి ఆ చూపు గుర్తొస్తుంది. కూతురి మాదిరి చూసిందన్న మాట నిజం కాదు. కానీ ఆ కంచం చూసిన మనిషి ఇప్పుడు లేదు. లేని మనిషి మీద కోపం ఎట్లా పెట్టుకోవాలో ఆమెకు తెలియదు. ఉన్న మనిషికి ముద్ద పెట్టాలి, అంతే.

ఊరిలో బోరు ఎండిపోయాక వాళ్ళు రాయదుర్గం చేరారు. శశికుమార్ ఆటో కొన్నాడు. కృపాకుమారి జీన్స్ యూనిట్లో మిషను మీద కూర్చుంది. కూతురు జాయ్‌ను అనంతపురంలో హాస్టలులో పెట్టి చదివిస్తున్నది ఆ మిషనే. పెద్దక్క మొదట అన్నం తిన్న సంగతి మరిచింది, తర్వాత ఇల్లు మరిచింది, ఒకసారి కళ్యాణదుర్గం రోడ్డు మీద ఒంటి మీద చీర లేకుండా నడుస్తూ దొరికింది. ఆ రాత్రి శశికుమార్ అన్నాడు, "ఇంట్లోనే ఉండి కుట్టుకుంటే పోతాది కదా. మిషను యాడ తొక్కినా అది ప్యాంటే." కృపాకుమారి యూనిట్ మానేసి, కత్తిరించిన గుడ్డ ముక్కల బండిళ్ళు ఇంటికి తెచ్చుకుంది. పగలు సగం పని, రాత్రి సగం పని, రెండింటి నడుమ పెద్దక్క.

అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయినప్పుడు డాక్టరు చాలాసేపు చెప్పాడు. ఇది దయ్యం కాదు, మొండితనం కాదు, మెదడు మెల్లమెల్లగా అరిగిపోయే జబ్బు, అల్జీమర్స్ అంటారు, మాత్రలతో కొంచెం నిదానిస్తుందేమోగానీ వెనక్కి మళ్ళదు, ఆమె కావాలని ఏదీ చేయడం లేదని మీరు రోజూ మీకు మీరే చెప్పుకోవాలి, అన్నాడు. చివర కృపాకుమారి వైపు తిరిగి అడిగాడు. "మీరు నిద్రపోతున్నారా అమ్మా?"

అన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె నోరు తెరిచేలోపల శశికుమార్ జవాబు చెప్పేశాడు. "ఆమెకేం సార్, ఇంట్లోనే ఉంటాది."

ఇంట్లోనే ఉంటుంది. ఆ మాట బస్సులో వచ్చేటంతసేపూ ఆమె చెవిలో మోగుతూనే ఉండింది. ఇంట్లో ఉండే మనిషికి నిద్ర ఉంటుంది, తీరిక ఉంటుంది, ఫ్యాన్ కింద కాళ్ళు చాపుకునే వేళ ఉంటుంది అనుకుంటారు కాబోలు. ఆమెకు యూనిట్లోనే నయంగా ఉండేది. సైరన్ కొడితే మిషను ఆపి, పదిమంది ఆడవాళ్ళ మధ్య బాక్సు విప్పుకొని తినేది. ఒకరి కూర ఒకరు లాక్కొని నవ్వేవాళ్ళు. ఇంట్లో తిండి నిలబడి తినడమే.

ఈ మధ్యే ఒకరోజు జరిగింది ఇది. జీన్స్ గుడ్డ తానుకూ తానుకూ రంగులో తేడా ఉంటుంది. అందుకే కత్తిరించిన ప్రతి ముక్కకూ నంబరు రాసిన చిన్న స్టిక్కరు అంటిస్తారు. ఒకే నంబరు ముక్కలు ఒకే ప్యాంటులోకి పోవాలి, లేకపోతే ఒక కాలు ఒక నీలం, ఇంకో కాలు ఇంకో నీలం. ఆ మధ్యాహ్నం కృపాకుమారి మిషను మీద తల ఆన్చి కాసేపు కళ్ళు మూసింది. తెరిచేసరికి ఇంట్లో అలికిడి లేదు. వెనక్కి తిరిగి చూస్తే, బండిళ్ళన్నీ విప్పి వాటి మధ్య పెద్దక్క కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది. ఎడమచేత్తో గుడ్డ ముక్కను వేరుశనగ చెట్టు పట్టినట్టు పట్టుకొని, కుడిచేత్తో స్టిక్కరు గిల్లి ఒడిలో వేసుకుంటోంది. గిల్లిన ముక్కను పక్కకు విసిరేసి ఇంకోటి అందుకుంటోంది. చెట్లు ఒక పక్క కుప్ప, కాయలు ఒడిలో. చేతులు ఎంత చురుగ్గా ఆడుతున్నాయంటే, ముద్ద నోటిదాకా తీసుకుపోలేని చేతులు ఇవేనా అనిపించింది.

కోడల్ని చూసి పెద్దక్క ఒడి ముందుకు చాపింది. "కొలువు మే మేస్త్రమ్మా. అందరికంటే నాదే ముందు నిండినాది."

కృపాకుమారి అరవాలనుకుంది. అరిచే బదులు వంటింట్లోంచి గ్లాసు తెచ్చి ఆ స్టిక్కర్లను కొలిచింది. "బాగా కోసినావు అత్తా. ఇంక ఇంటికి పోదాం" అంది.

సూపర్‌వైజరు తిప్పేష్ వచ్చి ఆ కుప్ప చూసి తల పట్టుకున్నాడు. బయటికి పోయి ఓనరుకు ఫోన్ చేసి వచ్చాడు. "అక్కా, నేను నిన్నేమీ అనను. అనేది ఓనరు నన్ను అనేసినాడు. ఇంక ఇంటికి బండిళ్ళు ఇచ్చేది లేదు. నీకొక దారి ఉండాది. యూనిట్లో చెకింగ్ టేబుల్ కాడ ఒకామె మానేసింది. సోమవారం నువ్వొచ్చి కూర్చో. రాకపోతే మంగళవారం ఇంకొకరు కూర్చుంటారు. నా చేతిలో ఏమీ లేదు."

అతను పోయాక ఆమెకు మొదట కలిగింది సంతోషం. అది తెలిసి తనకే సిగ్గేసింది. చెకింగ్ టేబుల్ దగ్గర కుర్చీ. సైరన్. బాక్సు. తర్వాత మంచం మీద నిద్రపోతున్న పెద్దక్కను చూసింది. సోమవారం పొద్దున నుంచి ఈమె దగ్గర ఎవరుంటారు?

శనివారం ఎస్తేరమ్మ గార్లదిన్నె నుంచి వచ్చింది. మర్నాడు చర్చిలో స్త్రీల ఆదివారం, పండగలాగా చేస్తారు. కృపాకుమారి అన్నం వడ్డించి, మెల్లగా సంగతి ఎత్తింది.

"నేను తీసకపోదును కృపా, మా ఇంటాయనకు సరిపోదు. ఆయన సంగతి నీకు తెల్దా" అంది ఎస్తేరమ్మ, పచ్చడి కలుపుకుంటూ.

"నేను ఆటో తోలకుంటే నెల గడిచేదెట్ల?" అన్నాడు శశికుమార్.

"పక్కింటామెను అడుగుతా పోనీ. సంగతి చెప్పి, కాసేపు చూడమని" అంది కృపాకుమారి.

"ఏమని చెప్తావు? మా అత్తకు మతి లేదనా? రేపు జాయ్‌కి సంబంధం చూస్తే పిచ్చోళ్ళ వంశమంటారు. గమ్మునుండు" అన్నాడు శశికుమార్.

అతను లేచి పోయి పెట్టెలోంచి ఒక పాత నూలుచీర తెచ్చాడు. ఉతికి ఉతికి మెత్తబడిన చీర. దాన్ని భార్య ఒళ్ళో పెట్టి, ముఖం పక్కకు తిప్పుకొని అన్నాడు. "మెత్తగుంటాది. కాలికి కట్టి మంచం కోడుకు ముడేసి పో. మధ్యాహ్నం వచ్చి చూస్తాలే. ఆమెకేం తెలుస్తాది?"

ఎస్తేరమ్మ మజ్జిగ అడిగింది.

అక్కాతమ్ముళ్ళిద్దరూ బజారుకు పోయాక కృపాకుమారి చీర పట్టుకొని మంచం దగ్గర కూర్చుంది. ఆమె మనసులో రెండు గొంతులు పోట్లాడుకున్నాయి. నాలుగు గంటల సంగతే కదా, రోడ్డు మీద పడి లారీ కింద పోవడం కంటే నయం కదా, అంది ఒకటి. రెండోది ఊరికే చూస్తూ కూర్చుంది. ఆమె చీర కొసను పెద్దక్క చీలమండకు చుట్టి, ఒక ముడి వేసింది. వదులుగా వేసింది.

పెద్దక్క వంగి ఆ ముడిని పరీక్షగా చూసింది. నాలుక చప్పరించింది.

"అట్ల కాదు మే. నీకు మోపు కట్టేది ఎవురూ నేర్పలేదా? ఇట్ల తిప్పి, ఈ కొస కిందనుంచి దూర్చల్ల." తన కాలు తనే కదలకుండా ఆనించి పెట్టుకొని, రెండు చేతులతో కొస పట్టి లాగింది. ముడి ఎముకకు పట్టేసింది. చర్మం ముడత పడింది. ఇంకా లాగింది. "వదులుగా కడితే దోవలో జారిపోతాది. మళ్ళీ నీ నెత్తికి ఎత్తేదానికి ఆడ ఎవురుంటారు?"

కృపాకుమారి ఆ ముడి విప్పడానికి గోళ్ళు చాల్లేదు. పళ్ళతో విప్పింది. అత్త పాదం మీద తన కన్నీళ్ళు పడితే పెద్దక్క పైకి చూసి, "వానొచ్చె" అంది.

ఆదివారం చర్చి నిండింది. ఇంటి దగ్గర తల్లికి కాపలా తన వల్ల కాదని ఎస్తేరమ్మ ఖచ్చితంగా చెప్పడంతో శశికుమార్ గొణుక్కుంటూ ఆటోలో తల్లిని కూర్చోబెట్టుకొని బయట వేపచెట్టు కింద ఉండిపోయాడు. పాటలయ్యాయి, వాక్యం చెప్పడం అయింది. అప్పుడు పాస్టరు విజయభాస్కర్ గారు కృపాకుమారిని ముందుకు పిలిచారు. ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఓర్పుకు మన సంఘంలో ఒక రూపముంటే అది ఈ సహోదరి, అత్తను పసిబిడ్డలాగా సాకుతోంది, ఏనాడూ ఒక్క సణుగు లేదు, అన్నారాయన. పాస్టరమ్మ గులాబీ రంగు శాలువా కప్పింది. చప్పట్లు. మైకు చేతికిచ్చారు. దేవునికి స్తోత్రమని రెండు మాటలు చెప్పి కూర్చోవడం వాడుక.

"అందరికీ వందనాలు" అంది కృపాకుమారి. మైకు కుయ్యిమంది. "అయ్యగారు నాకు ఓర్పుందని చెప్పినారు. నాకు ఓర్పు లేదు. నిన్న మా అత్త కాలు మంచానికి కట్టినా. మళ్ళీ విప్పేసినా. రేపు కట్టనని చెప్పలేను."

ముందు వరసలో పిల్లను ఆడిస్తున్న ఒకామె చెయ్యి ఆగిపోయింది.

"మా అత్తను పట్టింది దయ్యం కాదు, ఎవురూ చేతబడి చేయలేదు. అది మెదడు జబ్బు. అల్జీమర్స్ అని పేరుండాది దానికి. ఇన్నాళ్ళూ సిగ్గుపడి చెప్పలేదు. రేపటినుంచి నేను పనికి పోతాండా. పొద్దున నుంచి మధ్యాహ్నం వరకు ఆమె దగ్గర ఒక మనిషి ఉండల్ల. ఎత్తే పని లేదు, కడిగే పని లేదు, అవన్నీ నేను చేసే పోతా. ఆమె కూలికి పోవల్లంటాది. పోదాంలే అని పక్కన కూర్చుంటే చాలు. నాకు ఈ శాలువా వద్దు. వారంలో ఒక్కో పూట ఎవురన్నా వస్తారా, అది చెప్పండి."

ఎవరో దగ్గారు. పాస్టరు గారు నెమ్మదిగా మైకు అందుకొని, "మన సహోదరి భారం కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు.

కృపాకుమారి మూసుకోలేదు. వంగిన తలలన్నిటినీ చూస్తూ నిలబడింది. ఎన్ని తలలో. అందులో ఆమె ఎవరి చీరలకు ఫాల్ కుట్టి ఇచ్చిందో ఆ తలలున్నాయి, ఎవరి కాన్పులకు తోడు పోయిందో ఆ తలలున్నాయి. చివరి వరసలో, గోడకానుకొని కూర్చునే ఒకామె మాత్రం తల వంచలేదు. కళ్ళు తెరిచి, కృపాకుమారినే చూస్తోంది. ప్రార్థన అయ్యేలోపల లేచి వెళ్ళిపోయింది.

బయట శశికుమార్ ఆటో స్టార్టు చేసి ఉంచాడు. "సంఘంలో తలెత్తుకోకుండా చేసినావు" అన్నాడు. ఇంటికొచ్చాక ఎస్తేరమ్మ అందుకుంది. "మా యమ్మ పరువు తీసి మైకుకు తగిలిచ్చినావు కదే! కాలు కట్టినానని నీ నోటితో నువ్వే చెప్పుకుంటివే!"

"చీర ఎవురు తెచ్చిచ్చినారో చెప్పలేదు కదా వదినా."

ఎస్తేరమ్మ సాయంత్రం బస్సు దాకా ఉండలేదు, మధ్యాహ్నం బస్సుకే పోయింది. కృపాకుమారి భర్త ముందు నిలబడింది. "రేపు మధ్యాహ్నం తిండికి వస్తావు కదా. ఆ పూట నుంచి నేనొచ్చేదాకా ఉండు. మీ యమ్మే కదప్పా. పొద్దున పూట సంగతి నేను చూసుకుంటా." ఎట్లా చూసుకుంటుందో ఆమెకే తెలియదు. అతను చొక్కా తగిలించుకొని బయటికి పోయాడు.

దీపాలు పెట్టే వేళకు పెరటి తలుపు చప్పుడైంది. చివరి వరసలోని ఆమె. లోపలికి రాలేదు, గడప బయటే నిలబడి, వీధి వైపు ఒకసారి చూసుకొని చెప్పింది.

"మావాడు బెంగుళూరులో లేడు కృపమ్మా."

ఆమె కొడుకు బెంగుళూరులో కంపెనీలో ఉన్నాడని, దసరాకు పనుల వల్ల రాలేదని, క్రిస్మస్‌కు సెలవు ఇవ్వలేదని అందరూ ఆమె నోటనే విని ఉన్నారు.

"కరోనాలో వచ్చేసినాడు. అప్పటినుంచి ఇంట్లోనే, ఎనక రూములో ఉండాడు. ఎవురో తనను చంపేదానికి వస్తాండారంటాడు. రాత్రంతా గోడతో మాట్లాడతాడు, తెల్లారినాక నిద్రపోతాడు. తాయెత్తులు కట్టిచ్చినా. బయట గొళ్ళెం పెడతా. నేను గొళ్ళెం పెట్టినానని నీ మాదిరి మైకులో చెప్పలేను. నాకంత ధైర్యం లేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పొద్దున పూట వాడు నిద్రపోతాడు కదా. ఆ పూట నేనొచ్చి మీ అత్త దగ్గర కూర్చుంటా. నువ్వు సాయంత్రం ఒక్క గంట వాని దగ్గర కూర్చో. ముయ్యి."

ముయ్యి అంటే చేలల్లో వాడుక. ఈ రోజు నేను నీ చేనికి వస్తాను, రేపు నువ్వు నా చేనికి రా, నడుమ కూలి మాట లేదు. కలుపులకూ కోతలకూ ఆడవాళ్ళు అట్లా మాట్లాడుకోవడం కృపాకుమారి ఎరుగును. ఇట్లాంటి పనికి మాట్లాడుకోవడం ఎరగదు.

శశికుమార్ తిరిగి వచ్చాక, తల్లిని అతనికి అప్పజెప్పి ఆమె వెంట పోయింది. రేకుల గది. పగటి ఎండ ఇంకా అందులోనే ఉంది. కిటికీకి అట్టలు కొట్టి ఉన్నాయి. మూల చాప మీద గడ్డం పెరిగిన కుర్రవాడు మోకాళ్ళు పట్టుకొని కూర్చొని ఉన్నాడు. ఆమెను చూసి గోడకు జరిగాడు. కృపాకుమారి లోపలికి పోలేదు, గడప మీదే కూర్చుంది. ఏమీ అడగలేదు. పెద్దక్క దగ్గర నేర్చుకున్నది అదొక్కటే, ఏమీ అడగకుండా పక్కన ఉండటం. చాలాసేపటికి అతను అన్నాడు. "వాళ్ళు పంపినారా నిన్ను?"

"లేదప్పా. మీ యమ్మ పిలిచింది."

ఇంటి లోపలినుంచి నీళ్ళ చప్పుడు వినబడింది. చెంబు తర్వాత చెంబు, తొందర లేకుండా. కాసేపటికి అతని తల్లి తడిజుట్టు భుజాల మీద ఆరబోసుకొని వచ్చింది. "గొళ్ళెం వైపు చెవి పెట్టకుండా తలకు పోసుకొని ఎన్నాళ్ళయిందో" అంది.

"దీనికి మాత్రలుంటాయి. అనంతపురంలో చూస్తారు. నేను తోడొస్తా" అంది కృపాకుమారి.

"ఎవురన్నా చూస్తే?"

"చూడనీ."

"ఇప్పుడే కాదు కృపమ్మా." ఆమె చేతులు పట్టుకుంది. "ఇప్పుడే కాదు."

సోమవారం కృపాకుమారి చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. బాక్సు విప్పినప్పుడు పక్కామె "ఏంది కృపా, అంత మెల్లగా తింటాండావు" అని నవ్వింది. కృపాకుమారి ఇంకో ముద్ద నిదానంగా నమిలింది. మధ్యాహ్నం శశికుమార్ ఇంటికి వచ్చాడట. ముఖం మాడ్చుకొని గడపలో కూర్చుంటే పెద్దక్క పలకరించిందట. "ఎవురప్పా నువ్వు? అన్నం తిన్నావా?" అతను తల వంచుకొని అక్కడే ఉండిపోయాడట. ఇదంతా పొద్దున పూట కాపలా ఉన్నామె సాయంత్రం చెప్పింది. చెప్పి, తన ఇంటికి పోతూ వీధి మలుపు దాకా కృపాకుమారికి ముందు నడిచి, అక్కడినుంచి ఇద్దరూ కలిసి కనబడకూడదని వేరే సందులోకి తిరిగింది.

అనంతపురం మాట ఎత్తితే ఆమె ఇప్పటికీ "ఇప్పుడే కాదు" అంటూనే ఉంది. గది బయట గొళ్ళెం అట్లాగే ఉంది. పొద్దున పూట ఒకటి, సాయంత్రం పూట ఒకటి, ముయ్యి నడుస్తూనే ఉంది.

ఈ కథలో ఇందరి పేర్లు ఉన్నాయి, ఆమె పేరు లేదు. రాయవద్దని ఆమె అడిగింది. మీ వీధిలోనూ అట్లాంటి ఆమె ఒకరు ఉంటారు. పెళ్ళిళ్ళకు రాదు, వచ్చినా తాంబూలం తీసుకొని ముందే లేచి పోతుంది, ఇంటికి వస్తామంటే తర్వాత రండి అంటుంది. కొడుకు ఎక్కడున్నాడని అడిగితే దూరపు ఊరి పేరు చెబుతుంది. గర్వమని అనుకొని ఉంటారు మీరు. ఈ రాత్రి పడుకునే ముందు, ప్రార్థన చేసేవాళ్ళు ప్రార్థనలో, చేయనివాళ్ళు ఊరికే, ఆమెను ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. కళ్ళు మాత్రం మూసుకోకండి.